మా మండలి సగటు వాపు

నేను సగటుల మండలిలో పనిచేస్తాను. అలాంటి మండలి ఒకటుందని మీకు తెలియకపోవడం మీ తప్పు కాదు. గుంటూరులో మా ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపతను పదహారేళ్లుగా మా కాగితాలు తీస్తున్నాడు, అతనికీ తెలియదు. రాష్ట్రంలో ఏది ఎంత ఉందో లెక్కపెట్టి, సగటు తీసి, పైకి పంపడం మా పని. ఎకరానికి ఎన్ని క్వింటాళ్ల మిర్చి, ఇంటికి ఎన్ని కోడిగుడ్లు, మనిషికి ఎన్ని జతల చెప్పులు, అన్నీ మా దగ్గర ఉంటాయి. ఇరవై ఏడేళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి నాకు వేరే పని ఏదీ రాదు.

నా పేరు శ్రీగిరి. హోదా సీనియర్ గణాంకాధికారి. ఈ కథలో జరిగిన ప్రతి తెలివితక్కువ పనికీ చిత్తుప్రతి రాసింది నేనే. ఆ ముక్క ముందే చెప్పేస్తే, మధ్యలో ఎవరిని తిట్టుకోవాలో తెలియక మీరు ఇబ్బంది పడరు.

మా ఆఫీసులో ఏటా సెప్టెంబరులో ఆరోగ్య అవగాహన దినం జరుపుతాం. కిందటేడు డాక్టర్ నజీమా గారిని పిలిచాం. ఆవిడ థైరాయిడ్ వైద్యురాలు. ఎవరినీ భయపెట్టకుండా, అర్థమయ్యేలా మాట్లాడారు.

"థైరాయిడ్ గ్రంథి తన హార్మోను తయారుచేసుకోవడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడుకుంటుంది. అంటే ఆ వంటింట్లో పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. మంట హద్దు దాటకుండా చూసే ఏర్పాట్లూ అక్కడే ఉంటాయి. అవి చాలనప్పుడు కణాల్లో డీఎన్ఏ దెబ్బతినవచ్చు. దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటాం. అలాగే గ్రంథిలో ఏళ్ల తరబడి వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఉన్నవాళ్లలో ఒక రకం థైరాయిడ్ కేన్సరు కాస్త ఎక్కువగా కనబడుతోందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇవి కలిసి కనబడుతున్నాయి. ఒకటి రెండోదానికి కారణమా, ఏది ముందు, ఏది వెనక అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు."

సరిగ్గా ఆ "తేలలేదు" దగ్గర మిరపకాయ బజ్జీలు వచ్చాయి. మినిట్స్ రాసే బాధ్యత నాది. "తేలలేదు" అని రాస్తే పైనుంచి శ్రీముఖం వస్తుందని నాకు అనుభవం: ఏది తేలలేదో, ఎందుకు తేలలేదో, ఎప్పటిలోగా తేలునో వారంలోగా తెలియజేయవలెను అని. అందుకని బజ్జీ కొరుకుతూ ఇలా రాశాను: "వాపును, ఆక్సీకరణను తగ్గించినచో థైరాయిడ్ కేన్సరు ముప్పు తగ్గునని వక్త విశదీకరించారు." ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు తేల్చలేకపోయిన సంగతిని నేను రెండో బజ్జీ తీసుకునేలోపు తేల్చేశాను.

మా డైరెక్టరు కొర్రపాటి నిరంజన్ గారు మినిట్స్ చదివే మనిషి. అలాంటివాళ్లు అరుదు. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచారు.

"శ్రీగిరి గారూ, తగ్గించినచో తగ్గును అన్నారు. మరి మన మండలిలో ఎంత ఉంది?"

"ఏది సార్?"

"వాపండీ. మన సగటు వాపు ఎంత? రాష్ట్రానికంతటికీ సగటులిచ్చే సంస్థకి తన సొంత వాపు ఎంతో తెలియకపోవడం శోచనీయం కాదా?"

శోచనీయమే అన్నాను. నేను ఆయనతో ఏ రోజూ ఏదీ కాదనలేదు. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు తయారుచేశాను. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, మండలి యొక్క సగటు వాపును నిర్ధారించి, దశలవారీగా కుదించుటకు సంకల్పించినందున, ఎల్లరూ తమ రక్తమును విధిగా సమర్పించవలెను." విధిగా అన్న మాట నేనే చేర్చాను. చదివి డైరెక్టరు గారు నా భాషని మెచ్చుకున్నారు.

సి.ఆర్.పి. అని ఒక రక్తపరీక్ష ఉంది. ఒంట్లో ఎక్కడ వాపున్నా, దెబ్బ తగిలినా, జ్వరం వచ్చినా ఆ అంకె పెరుగుతుంది. థైరాయిడ్‌లో గడ్డ ఉందో లేదో అది చెప్పదు. ఆ విషయం మాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. అంకె దొరికింది, మాకది చాలు. నూట ముప్పై ఒక్కమందికి రక్తం తీయించాం. సగటు 4.2 వచ్చింది.

"సిగ్గుచేటు," అన్నారు డైరెక్టరు గారు. "రాష్ట్రస్థాయి ఆరోగ్య కార్యాలయ పురస్కారానికి గడువు మార్చి ముప్పై ఒకటి. ఆనాటికి మన సగటు ఒకటికి లోపు ఉండాలి. మీరే వాపు నోడల్ అధికారి."

మామూలు మనుషులకి వాపు తగ్గించాలంటే వైద్యం గుర్తొస్తుంది. మాకు సగటు తగ్గించే పద్ధతులు గుర్తొచ్చాయి. అందులో మొదటిది, మిగతావాటికి మరీ దూరంగా ఉన్న అంకెల్ని పక్కన పెట్టడం. జాబితా చూస్తే అందరికంటే పైన జీపు డ్రైవరు ఏసుబాబు ఉన్నాడు. 48.

"కాల్లో తుమ్మముల్లు దిగింది సార్," అన్నాడు ఏసుబాబు, పాదం చూపిస్తూ. "చీము తీసేశారు. నాలుగు రోజుల్లో మానిపోద్ది."

"రీడింగు మూడు నెలలకోసారే ఏసుబాబూ. నాలుగు రోజులకి లేదు."

"మరి నన్నేం జెయ్యమంటారు?"

"పొన్నూరు ఉప కార్యాలయానికి డెప్యుటేషన్."

"ముల్లు దిగితే బదిలీనా సార్? మా ఆవిడకి ఏమని చెప్పాల?"

ప్రజాప్రయోజనం దృష్ట్యా అని ఆర్డరులో రాశాను. కుంటుకుంటూ బస్సెక్కలేనన్నాడు కాబట్టి ఆఫీసు జీపులో పంపాం. నడిపింది అతనే. జీపు తిరిగి తెచ్చేవాళ్లు లేక అదీ అక్కడే ఉండిపోయింది. డైరెక్టరు గారు ఆటోలో రావడం మొదలుపెట్టారు. కానీ సగటు ఒక్క దెబ్బతో 4.2 నుంచి 3.86కి దిగింది. ఆ రోజు ఆఫీసులో స్వీట్లు పంచారు.

తర్వాత పని సులువైంది. పంటి చీముతో ఉన్న గుమాస్తా, గొంతు నొప్పి ఉన్న టైపిస్టు, కీళ్లవాతంతో ఉన్న హెడ్ క్లర్కు, ఆకుకూర తరుగుతూ వేలు కోసుకున్న రికార్డు అసిస్టెంటు, ఒకరి తర్వాత ఒకరు పొన్నూరు వెళ్లారు. డిసెంబరు నాటికి ముప్పై అయిదుగురు. పొన్నూరులో మా ఆఫీసు రెండు గదులు. నలుగురికి కుర్చీలున్నాయి, మిగతావాళ్లు మెట్లమీద కూర్చుని ఫైళ్లు చూసేవారు. అక్కడ అందరూ మందులు వాడి నయం చేసుకున్నారు, కానీ నయమైనవాళ్లని వెనక్కి తెచ్చే రూలు నేను రాయలేదు.

ఇక ఆక్సీకరణ మిగిలింది. దాన్ని కొలవడానికి మాకు దారి కనబడలేదు. కొలవలేనిదానికి బదులు కొలవగలిగేది పట్టుకోవడం మా వృత్తిలో మామూలే. పల్లెల్లో సంపద తెలియనప్పుడు ఇళ్ల రేకు పైకప్పుల్ని లెక్కపెట్టి అంచనా వేస్తాం. అలాగే ఆక్సీకరణ అంటే ఇనుముకి పట్టే తుప్పు కూడా కాబట్టి, ఆఫీసు బీరువాల మీద తుప్పు ఎంతుందో కొలుద్దామన్నాను. నిజంగా నేనే అన్నాను. డైరెక్టరు గారు లేచి నిలబడి చెయ్యి కలిపారు.

"ఉద్యోగి ఏ వాతావరణంలో మసలుతున్నాడో బీరువా చెబుతుందండీ. అద్భుతమైన ప్రతీక సూచిక."

అరవై నాలుగు బీరువాల మీద తుప్పు మరకల్ని స్కేలు పెట్టి కొలిచాం. మండలి ఆక్సీకరణ సూచీ 37 శాతమని తేలింది. వారంలో అన్నింటికీ ఆకుపచ్చ రంగు వేయించాం. సూచీ సున్నాకి పడింది. రంగు తడి ఆరకముందే తలుపులు మూసేయడంతో అవి అతుక్కుపోయి, పదకొండు బీరువాలు ఇప్పటికీ తెరుచుకోవడం లేదు. పాత సగటులన్నీ వాటిలోనే ఉన్నాయి. ఎవరూ అడగలేదు కూడా.

లెక్క పక్కాగా ఉండాలని పన్నెండు రూల్స్ రాశాను. వాటిలో రెండే మీకు కావాలి. రూలు ఆరు: మంజూరైన సెలవులో ఉన్నవారిని సగటులో కలపరాదు. రూలు తొమ్మిది: సెలవు కాక మరే కారణం చేతనైనా రీడింగు ఇవ్వనివారికి వారి పాత రీడింగే కొనసాగును. ఈ రెండోది మాకు అలవాటైన పద్ధతే. ఏ ఊరి నుంచైనా వర్షపాతం అంకె రాకపోతే కిందటి అంకె వేసుకుంటాం. ఒకచోట వానకొలత డబ్బా ఎవరో ఎత్తుకుపోయిన మూడేళ్ల తర్వాత కూడా మా పుస్తకాల్లో అక్కడ వానలు బాగా కురిశాయి.

ఇంతకీ నా అంకె చెప్పలేదు కదూ. 0.4. మండలి మొత్తంలో అందరికంటే తక్కువ నాదే. నోటీసు బోర్డు మీద నా ఫొటో పెట్టి, కింద "మన ఆదర్శం" అని రాశారు. రోజూ ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఆ బోర్డు ముందు కాస్త నెమ్మదిగా నడిచేవాణ్ణి. నా ముప్పు తగ్గిపోయిందని నాకు గట్టి నమ్మకం కలిగింది. ఎందుకంటే తగ్గునని నేనే రాశాను.

జనవరిలో ఒక పొద్దున కాఫీ తాగుతుంటే మా ఆవిడ హైమ నా ఎదురుగా కూర్చుని నా మెడవైపే చూస్తోంది.

"ఏమండీ, మీరు మింగుతుంటే కుడివైపు ఏదో పైకీ కిందకీ కదులుతోంది."

"గొంతుముడి."

"గొంతుముడి మధ్యలో కదా ఉంటుంది. ఇది పక్కన. గోలీ అంత ఉంది."

అద్దంలో చూసుకున్నాను. ఉంది. వేలితో నొక్కితే నొప్పి లేదు, గట్టిగా తగిలింది. నాకు ముందు భయం వేసింది. తర్వాత ఆ భయాన్ని 0.4 తో గుణించాను, బాగా చిన్నదైపోయింది. ఒంట్లో వాపు లేని మనిషికి ముప్పు లేదు. ముప్పు లేని మనిషికి గడ్డ రాదు. కాబట్టి ఇది నమోదులో దొర్లిన పొరపాటు అని నిర్ణయించుకున్నాను.

అయినా లెక్క ప్రకారం పోదామని, హైమ జాకెట్లు కుట్టే టేపుతో మెడ చుట్టుకొలత తీసుకున్నాను. ముప్పై తొమ్మిది సెంటీమీటర్లు. పాత చొక్కాల కాలర్లు కూడా కొలిచి, మూడేళ్ల సగటు తీస్తే ముప్పై ఎనిమిదిన్నర వచ్చింది. అర సెంటీమీటరు తేడాని మేం అసలు తేడా అనం.

"కాలర్లతో సగటేమిటండీ!" అంది హైమ. "డాక్టరుకి చూపిద్దాం పదండి."

"మార్చి కానీ. పురస్కారం అయిపోనీ."

నిజానికి నాకు భయం. గడ్డ అంటే మాత్రమే కాదు, ఫొటో దించేస్తారని కూడా. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే. మర్నాటి నుంచి మెడకి మఫ్లరు చుట్టుకున్నాను. జనవరిలో ఎవరూ పట్టించుకోలేదు. ఫిబ్రవరి చివరికి గుంటూరులో ఎండలు ముదిరాక కూడా అది నా మెడమీదే ఉంది. చలి చేస్తోందా అని అడిగినవాళ్లకి, వాపు తక్కువున్నవాళ్లకి ఒళ్లు చల్లగా ఉంటుందని చెప్పాను. ఇద్దరు గుమాస్తాలు నమ్మి వాళ్లూ మఫ్లర్లు కొనుక్కున్నారు.

మార్చి రెండో వారంలో పురస్కార తనిఖీ సంఘం వచ్చింది. సంఘం అధ్యక్షుడు రిటైరైన పెద్ద అధికారి, మాటకి ముందు తల పంకించే అలవాటున్న మనిషి. ఆకుపచ్చ బీరువాల్ని చూసి తల పంకించారు. 0.998 అన్న సగటుని చూసి రెండుసార్లు పంకించారు. ఆఖరున ఆదర్శ ఉద్యోగికి పూలదండ వేస్తానన్నారు.

"మఫ్లరు తియ్యండి శ్రీగిరి గారూ, దండ నిలవదు," అన్నారు డైరెక్టరు గారు.

"ఉండనివ్వండి సార్."

"ఫొటో సార్, ఫొటో!" అని ఎవరో వెనకనుంచి మఫ్లరు లాగేశారు.

గడ్డ అప్పటికి ఉసిరికాయంత అయింది. అధ్యక్షుల వారి చేతులు దండతో సహా గాల్లో ఆగిపోయాయి.

"ఇదేమిటి?"

"సార్, ఇది లెక్కలో లేదు," అన్నాను. నా నోట్లోంచి అదే వచ్చింది.

అధ్యక్షుల వారు నా రీడింగు కాగితం అడిగి తీసుకున్నారు. కళ్లజోడు సర్దుకుని 0.4 ని రెండుసార్లు చదివారు. కాగితాన్నీ, నా మెడనీ మార్చి మార్చి చూసి, చివరికి కాగితాన్నే నమ్మారు.

"సదరు ఉద్యోగి దేహమునందు వాపు లేదని రికార్డు స్పష్టము చేయుచున్నందున, కంటికి కనబడు అంశములను సంఘము పరిగణనలోనికి తీసుకొనజాలదు," అని చెప్పి దండ వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ ఫొటో ఇంటికి తీసుకెళ్లి హైమకి చూపించాను. దండలో మల్లెపూల మధ్య నుంచి గడ్డ బాగా కనబడుతోంది. ఆ వారంలో రెండో శనివారం వచ్చింది. ఆఫీసు లేదు కాబట్టి సెలవు పెట్టే పనీ లేదు. హైమ నన్ను ఆటో ఎక్కించి డాక్టర్ నజీమా గారి దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు గారు మెడమీద వేళ్లు పెట్టి, గుటక వెయ్యమన్నారు. "ఎన్నాళ్లనుంచి?"

"జనవరినుంచి. కానీ మేడమ్, నా సి.ఆర్.పి. 0.4."

"అది నేను అడగలేదే."

"మీరే కదండీ ఉపన్యాసంలో, వాపు తగ్గితే ముప్పు తగ్గునని..."

"నేనా?" అన్నారావిడ. మినిట్స్ సంగతి చెప్పక తప్పలేదు. బీరువాల సంగతీ చెప్పాను. ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. నవ్వు ఆపుకుంటున్నారో, ఇంకేదైనా ఆపుకుంటున్నారో తెలియలేదు.

"శ్రీగిరి గారూ, నేను చెప్పింది వేలమందిని కలిపి చూస్తే కనబడే సంగతి. అందులోంచి మీ ఒక్కరి మెడ గురించి ఏమీ తెలియదు. మీ రక్తంలో అంకె బాగుందంటే మెడ బాగున్నట్టు కాదు, అంకె ఎక్కువుంటే కేన్సరున్నట్టూ కాదు. ఇలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. మీది ఏదో తెలియాలంటే స్కానింగు చేసి, సూదితో కాస్త తీసి చూడాలి. అంతకంటే వేరే దారి లేదు."

స్కానింగు చేశారు, సూది వేశారు. బుధవారం రిపోర్టు వచ్చింది. కేన్సరే. పాపిల్లరీ రకం అన్నారు. మెల్లగా పెరిగేది, ఆపరేషను చేస్తే చాలామందికి నయమవుతుంది, భయపడాల్సిన పని లేదు, అలాగని ఇంకా వాయిదా వెయ్యాల్సిన పనీ కాదు అన్నారు. మార్చి ఇరవై నాలుగున ఆపరేషను.

"నూటికి ఎంతమందికి నయమవుతుందండీ?" అని అడిగాను.

"మీ రకంలో, మీ దశలో, తొంభై అయిదుకి పైనే."

ఎంతో మంచి అంకె. అలాంటి అంకె పైకి పంపిస్తే ఎవరైనా మెచ్చుకుంటారు. కానీ నాకు ఆ మిగతా నలుగురైదుగురు తప్ప ఇంకెవరూ కనబడలేదు. పక్కన హైమ కొంగు అంచుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను ఇన్నేళ్లుగా పంపిన అంకెల వెనకాల ఎక్కడో ఒకచోట ఇలా ఒక మనిషి కూర్చుని ఉంటుందని నాకు ఏ రోజూ తోచలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

గురువారం సెలవు చీటీ పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్లాను. ఆస్పత్రి ఫైలుతో హైమ కూడా వచ్చింది. బయట కూర్చోమంటే వినలేదు. ఆయన రిపోర్టు మొత్తం చదివారు. చెడ్డమనిషి కాదు, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత కాలిక్యులేటరు దగ్గరికి లాక్కున్నారు.

"ఎన్నాళ్ల సెలవు?"

"ఇరవై నాలుగు నుంచి మూడు వారాలు సార్."

"మార్చి ముప్పై ఒకటి మధ్యలో పడుతోంది." మీటలు నొక్కారు. "మీరు ఉంటే తొంభై ఆరుగురికి మన సగటు 0.998. మీకు సెలవు మంజూరు చేస్తే రూలు ఆరు ప్రకారం మీరు లెక్కలో ఉండరు. తొంభై అయిదుగురికి సగటు 1.004."

నేను మనసులోనే మళ్లీ లెక్క వేశాను. సరిగ్గానే ఉంది. మా డైరెక్టరు గారి లెక్క తప్పదు.

"అంటే ఏమిటండీ?" అని హైమ అడిగింది.

"అంటే అమ్మా, ఈ మండలి ఆరోగ్యం శ్రీగిరి గారి మీదే నిలబడి ఉంది. ఆయన పక్కకి తప్పుకుంటే తొంభై అయిదుగురి శ్రమ వృథా. ఏప్రిల్ ఒకటిన సెలవు ఇస్తాను. ఎనిమిది రోజులే కదా."

ఎనిమిది రోజులే కదా అని నాకూ అనిపించింది. దేవుడి మీద ఒట్టు, అనిపించింది. ఆపరేషన్ తేదీ మార్చమని అడుగుదామా అని హైమవైపు తిరిగాను. ఆవిడ నన్ను చూడటం లేదు, ఆయన్నే చూస్తోంది.

"ఈలోగా ఈయనకేమైనా అయితే?"

"ఛ ఛ, అవేం మాటలమ్మా."

"అడుగుతున్నానండీ. ఈయన పోతే మీ సగటు ఏమవుతుంది?"

డైరెక్టరు గారు రూల్స్ పుస్తకం తెరిచారు. ఎవరు ఏ ప్రశ్న వేసినా ఆయన జవాబు వెతకకుండా ఉండలేరు. వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లి, తొమ్మిదో రూలు దగ్గర ఆగారు. ముఖం కాస్త తేటపడింది.

"సెలవు కాక మరే కారణం చేతనైనా... పాత రీడింగే కొనసాగును. కాబట్టి ఆ విషయంలో మీరేమీ దిగులు పెట్టుకోవద్దమ్మా. ఆయన అంకెకి ఏ ఇబ్బందీ రాదు."

ఆ రూలు రాసింది నేనే. రాసిన రోజున భాష బాగా కుదిరిందని రెండుసార్లు పైకి చదువుకున్నాను కూడా. ఇప్పుడు అది ఆయన నోట విన్నాను. నేను పోయినా 0.4 ఉంటుంది. ఈ ఆఫీసుకి నాతో ఉన్న పని అంతవరకే.

హైమ ఫైలు మూసింది. "అయితే సెలవు అడక్కుండా, చెప్పా పెట్టకుండా రాకపోయినా అంతేగా? ఆ అంకె ఇక్కడే ఉంటుంది?"

డైరెక్టరు గారు పుస్తకంలోకి చూసి, ఆవిడవైపు చూసి, మళ్లీ పుస్తకంలోకి చూశారు. "రూలు ప్రకారం... ఉంటుందమ్మా."

"పదండి," అంది నాతో.

ఇరవై ఏడేళ్లలో నేను సెలవు చీటీ లేకుండా ఒక్క పూట మానలేదు. మా నాన్న పోయిన రోజు కూడా చీటీ రాసి ఏడ్చాను. "అనధికార గైర్హాజరు సార్, చార్జి మెమో ఇవ్వాల్సి ఉంటుంది," అని ఆయనకి నేనే గుర్తుచేశాను. డైరెక్టరు గారు నా చీటీని నాలుగు మడతలు పెట్టి నా జేబులో కుక్కి, ఫైలేదో తెరిచి అందులోకి తల దించేశారు.

"నేనైతే ఇవాళ మిమ్మల్ని చూడలేదు," అన్నారు. ఆయనలో ఒక మామూలు మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఇరవై నాలుగున ఆపరేషన్ అయింది. గ్రంథి మొత్తం తీసేశారు. పక్కన తీసి చూసిన లింఫు గ్రంథుల్లోకి కేన్సరు పాకలేదని, ఇకమీదట రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటూ, తేదీ తప్పకుండా పరీక్షలకి వస్తే చాలని డాక్టరు గారు చెప్పారు. మెడకి అడ్డంగా పట్టీ, గొంతులోంచి గుసగుస తప్ప శబ్దం లేదు. హైమ చెంచాతో పట్టిన గంజి ఆ రోజు నాకు అమృతంలా ఉంది.

మూడో రోజు నర్సు రక్తపరీక్ష కాగితం తెచ్చింది. సి.ఆర్.పి. 61. ఏసుబాబుకి కూడా నలభై ఎనిమిదే. డాక్టరు గారు వచ్చి చూసి నవ్వారు.

"కోసిన చోట మానాలి కదండీ. దానికి ఒళ్లు ఆ మాత్రం పనిచెయ్యాలి. రెండు వారాల్లో అదే దిగిపోతుంది. ఇప్పుడు ఇది ఉండాల్సిన వాపే."

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఆస్పత్రి గదిలో ఫోను మోగింది. హైమ తీసి స్పీకరు పెట్టింది. డైరెక్టరు గారు. ముందు కులాసా అడిగారు, నిజంగానే అడిగారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"లెక్క ముగిస్తున్నామండీ. మీరు రీడింగు ఇవ్వలేదు కాబట్టి తొమ్మిదో రూలు కింద పాతదే వేస్తున్నాను. 0.4. మీకు అభ్యంతరం లేదుగా? ఊరికే, ఫార్మాలిటీ."

ఊరుకుంటే సరిపోయేది. పురస్కారం వచ్చేది, ఫొటో ఉండేది, చార్జి మెమో కూడా ఎక్కడో కలిసిపోయేది. హైమ నా ముఖంలోకి చూసింది. నేను వద్దన్నట్టు తల ఊపి, ఫోను దగ్గరికి తెమ్మని సైగ చేశాను. అరవై ఒకటి వేస్తే మండలి సగటు ఎంతవుతుందో పడుకుని అప్పటికే లెక్కేశాను. 1.63. ఇరవై ఏడేళ్ల సర్వీసు నా చేత ఆఖరిసారిగా ఒక సగటు తీయించింది.

"సార్, ఆ రూలు రీడింగు ఇవ్వనివాళ్లకి," అన్నాను. ప్రతి మాటకీ కుట్ల దగ్గర లాగింది.

"ఏమిటి? సరిగ్గా వినబడటం లేదు శ్రీగిరి గారూ. 0.4 వేసెయ్యమంటారా?"

"వద్దు సార్. నేను బతికున్నాను. అరవై ఒకటి. రాసుకోండి."